అరలో లేని కట్టలు

మొన్నామధ్య ఏలూరులో ఒక లా కాలేజీ వాళ్ళు విద్యార్థులకు రెండు రోజుల శిక్షణ పెట్టి నన్ను కూడా పిలిచారు. హాల్లో అడుగుపెట్టగానే తలా ఒక కాగితం చేతిలో పెట్టారు. పైన లావుపాటి అక్షరాలతో ‘ఎంపిరికల్ లీగల్ రీసెర్చ్ మొదలుపెట్టేవారికి వనరులు’ అని ఉంది. ఆ పేరు చూసి జడుసుకోనక్కర్లేదు. చట్టం పుస్తకంలో ఏం రాసి ఉందన్నది ఒక చదువు. అదే చట్టం కోర్టు వరండాలో ఎలా నడుస్తోందో వెళ్ళి చూసి, లెక్కపెట్టి చెప్పడం ఇంకో చదువు. ఈ రెండోదానికే ఆ పేరు.

కాగితం రెండు వైపులా చదివాను. వెబ్‌సైట్లు ఉన్నాయి, సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఇంత ధర పెట్టి ఎవరు కొంటారో తెలియని ఇంగ్లీషు పుస్తకాలు ఉన్నాయి. ఒక్కచోటైనా కోర్టుకు వెళ్ళి బెంచీ మీద కూర్చోండి అని లేదు. రికార్డు రూము అన్న మాట వెతికినా కనబడలేదు. ప్లీడరు గుమాస్తా అనే జీవి ఈ భూమ్మీద ఉన్నట్టే లేదు. నాకు ఒళ్ళు మండింది. మాట్లాడమని పది నిమిషాలిచ్చారు. అందులో సగం ఆ మంటకే సరిపోయింది. చెప్పాల్సింది చెప్పకుండానే దిగిపోయాను. అది ఇక్కడ రాస్తున్నాను. కోర్టుల మీద పరిశోధన చేద్దామనుకుంటున్న పిల్లలు చదివితే చాలు. పెద్దవాళ్ళకి చెప్పి లాభం లేదు, వాళ్ళు నాలాగే ఉంటారు.

నేను పుట్టింది తాడేపల్లిగూడెంలో. పదో తరగతి లెక్కల్లో తప్పాను. కోర్టులో అటెండరుగా చేరాక ప్రైవేటుగా కట్టి గట్టెక్కాను. తర్వాత ఇరవై ఏళ్ళు ప్రాసెస్ సర్వరుని. అంటే కోర్టువారి సమన్లు, నోటీసులు సంచీలో పెట్టుకుని ఊరూరా తిరిగి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకునే ఉద్యోగం. ఆఖరి ఏళ్ళలో మోకాళ్ళు సహకరించక రికార్డు అసిస్టెంటుగా వేశారు. కొల్లేటి అంచున ఉన్న ఒక చిన్న ఊరి కోర్టు అది. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు.

నా ఇంగ్లీషు రికార్డు రూములో పాత తీర్పులు చదివి వచ్చింది. స్టాటిస్టిక్స్ మాత్రం గూడెం మార్కెట్టు దగ్గర పాత పుస్తకాల కొట్లో కొన్న బీకాం పుస్తకంలోంచి వచ్చింది. అట్ట లేదు, మొదటి ముప్ఫై పేజీలూ లేవు. మొదటి పేజీల్లో ఏముంటుందిలే, రచయితగారి కృతజ్ఞతలు తప్ప, అనుకున్నాను. ఆ పేజీల్లో ఏముందో నాకు తెలిసిన రోజు ఒకటుంది. ఈ కథ ఆ రోజుదే.

మా కోర్టులో అందరి నోటా ఒక మాట నలుగుతుండేది: “కొల్లేటివాళ్ళు వాయిదాకి రారండీ.” దావా వేస్తారు, తర్వాత పత్తా ఉండరు, పిలిచినప్పుడు పలకరు, కేసు గైరుహాజరు కింద కొట్టేస్తారు, వాళ్ళకీ పట్టదు. బెంచి క్లర్కు నుంచి టీ పట్టుకొచ్చే మనిషి దాకా ఇదే పాట. వాళ్ళ ఇళ్ళల్లో మంచినీళ్ళు తాగినవాణ్ణి నేను. కేసంటే ఎంత బెంగ పడతారో ఎరిగినవాణ్ణి.  పట్టకపోతే దావా ఎందుకు వేస్తారండీ అని అడిగితే నవ్వేవారు. సరే, లెక్కపెట్టి మీ మొహాన కొడతాను అనుకున్నాను.

మీరు ఎప్పుడూ అలా మొదలుపెట్టకండి. ఎవరి మొహాన కొట్టాలో ముందే నిర్ణయించుకుని లెక్కకు దిగితే, అంకెలు మన ముచ్చట తీర్చడానికే వస్తాయి.

ఆ రోజుల్లోనే ఏలూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. లా కాలేజీలో లెక్చరరు, పీహెచ్‌డీ చేస్తోంది. చిన్న కోర్టుల్లో కేసులు ఎలా ముగుస్తున్నాయన్నది ఆవిడ పరిశోధన. జడ్జిగారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకుంది. ఇది గుర్తుంచుకోండి. అనుమతి కాగితం లేకుండా రికార్డు రూము గడప తొక్కకూడదు, పేర్లు ఒక్కటి కూడా బయటికి తీసుకెళ్ళకూడదు. వచ్చిన మొదటిరోజు కేసు కాగితాల కట్ట ముడి విప్పడం చేతకాక గోరు విరగ్గొట్టుకుంది. పంటితో లాగబోతే నేను కసిరాను. ఎన్ని ఏళ్ళ దుమ్మో అది. రెండో రోజు నుంచి నన్ను బాబాయ్‌గారూ అంది, నేను అమ్మాయ్‌గారూ అన్నాను.

ఒక్కో కేసుకి ఒక్కో కార్డు ఉండాలంది. కార్డులు కొనడానికి నాకు మనసొప్పలేదు. ఏలూరులో శుభలేఖలు వేసే ప్రెస్సు మనిషి ఒకడు తెలుసు. ముహూర్తమో, ఇంటిపేరో తప్పు పడి మూల పడేసిన శుభలేఖలు ఒక బస్తాడు ఇచ్చాడు. వెనక వైపు తెల్లగా, దళసరిగా, రాసుకోవడానికి దివ్యంగా ఉన్నాయి. ఇటుపక్క ‘బంధుమిత్ర సపరివారంగా’ అని బంగారు రంగు అక్షరాలు, అటుపక్క అన్నదమ్ముల పంపకాల దావా. అమ్మాయిగారు ఒక కార్డు తిప్పి చూసి, “ఈ పెళ్ళికొడుకు మంచి చోట పడ్డాడండీ, హద్దు రాళ్ళ తగాదా వెనక,” అంది.

ఆవిడ నాకు నేర్పింది ముందు ఇది. కొల్లేటి ఊళ్ళ కేసులొక్కటే లెక్కపెడితే ఏమీ తేలదు, రోడ్డు పక్క ఊళ్ళ కేసులు కూడా అన్నే తీసి పోల్చాలి. ఏమేం రాసుకోవాలో మొదటి కార్డు ముట్టుకోకముందే ఖాయం చేసుకోవాలి, మధ్యలో మార్చకూడదు. నేను ఆవిడకి నేర్పింది, ఏ రిజిస్టరు ఎవరు రాస్తారు, ఎప్పుడు రాస్తారు, బద్ధకించిన రోజు ఎలా రాస్తారు అన్నది. మూడు నెలలు రోజూ సాయంత్రం కూర్చున్నాం. కార్డులు నిండాయి. కొల్లేటివాళ్ళ కేసులు గైరుహాజరు కింద పోవడం రోడ్డు పక్క ఊళ్ళవాళ్ళ కన్నా బాగా ఎక్కువని తేలింది. అమ్మాయిగారు ముఖం చిన్నబుచ్చుకుంది. మా కోర్టు పాటే నిజమైనట్టు ఉంది కదా. నాకు మాత్రం ఇంకొకటి దొరికింది. అలా కొట్టేసిన కొల్లేటి కేసుల్లో ఒక్కటి కూడా మళ్ళీ తెరిపించుకున్నట్టు లేదు. అంటే వీళ్ళకి ఒకసారి కోర్టు తలుపు పడిందంటే శాశ్వతంగా పడినట్టే. ఎంత అన్యాయం. నాకు కావలసిన ఆయుధం దొరికిందనుకున్నాను.

సరిగ్గా ఆ వారాల్లోనే ఇంకొకావిడ కోర్టుకి వచ్చింది. కొల్లేటి లంక గ్రామం మనిషి, నలభై దాటి ఉంటాయి. ఊరి అవతల చెరువులు దాటాక ఉన్న బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఊరి నుంచి బడికీ, బడి పక్కనున్న బస్సు రోడ్డుకీ చేపల చెరువు గట్టు మీదుగానే దారి. తాతల నాటి నుంచి నడుస్తున్న దారి. చెరువు కొత్త యజమాని గట్టుకి అడ్డంగా ఇనప గేటు పెట్టి తాళం వేశాడు. ఊరంతా గొణిగింది, ఈవిడ దావా వేసింది. వంటకి వేళకి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని బడివాళ్ళు అప్పటికే రెండుసార్లు చెప్పారట. ఆవిడ కేసు కూడా గైరుహాజరు కింద కొట్టేశారు. తన కట్ట నా దగ్గర ఉందని ఎవరో చెబితే కిటికీ దగ్గరికి వచ్చింది.

“ఏవండీ అన్నయ్యగారూ, పిలిచినప్పుడు నేను లేనని కొట్టేశారంటండీ. నేను రాని వాయిదా లేదండీ. నేనొచ్చేసరికి పిలిచేసుంటున్నారు.”

“తొందరగా రావాలి కదమ్మా మరి.”

“ఎలా రమ్మంటారండీ? నేను కోర్టుకి రావల్సిన దారి కోసమే కదండీ కోర్టుకొచ్చింది.”

నాకు నవ్వొచ్చింది, ఆవిడకి రాలేదు. కొట్టేసిన కేసుని మళ్ళీ తెరిపించమని నెల లోపల అర్జీ పెట్టుకోవచ్చని చెప్పాను. ఆవిడ ప్లీడరు చేత నాలుగు రోజుల్లో పెట్టించింది. పైన కోర్టు హాల్లోంచి ఆ కట్ట పంపమని చీటీ వచ్చింది. అరలోంచి తీసి, దాని స్థానంలో ఆ చీటీ దోపి, సంతకం పెట్టి పంపించాను. ఆ పని నా చేతులతోనే చేశానని మరోసారి చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగింది వింటే మీరు నమ్మరు.

నెలకోసారి జడ్జిగారు ప్లీడర్లతో ఒక సమావేశం పెట్టేవారు. ఆ నెల అమ్మాయిగారిని తన లెక్క చెప్పమన్నారు. ఆవిడ పోలికలు జాగ్రత్తగా చెప్పి, దీనికి కారణం ఇంకా తెలియదు అని కూర్చుంది. నాకు ఆ మాట నచ్చలేదు. మూడు నెలలు దుమ్ము తిని, తెలియదు అని కూర్చోవడమేమిటి? లేచి నిలబడ్డాను. కొల్లేటివాళ్ళ కేసు ఒకసారి కొట్టేస్తే ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలేదనీ, రికార్డు రూము అరలన్నీ చూసి చెబుతున్నాననీ, ఇది ఈ కోర్టు సిగ్గుపడాల్సిన సంగతనీ చెప్పాను.  అమ్మాయిగారు నా వైపు చూసిన చూపు నాకు అర్థం కాలేదు. మెచ్చుకుంటోందనుకున్నాను.

పది రోజులకి ఆ వంటావిడ అర్జీ విచారణకి వచ్చింది. చెరువు యజమాని తరఫు ప్లీడరు లేచి మృదువుగా, “ఈ లంక గ్రామాల వాళ్ళకి దావా వేయడమే గానీ నడిపించే ఉద్దేశం ఉండదండీ. కొట్టేశాక ఒక్కరూ తిరిగి రాలేదని ఈ కోర్టు రికార్డు రూమే చెప్పింది,” అన్నాడట. జడ్జిగారు అది సాక్ష్యం కాదని అడ్డు చెప్పారట, కానీ వరండా అంతా విన్నది. ఆవిడ పిలుపుకి లేని ప్రతి వాయిదాకీ రుజువు తెమ్మని మూడు వారాలు గడువిచ్చారు. ఆరోజు ఆవిడ పన్నెండింటికి చేరి, జరిగింది విని, నేరుగా నా కిటికీ దగ్గరికే వచ్చింది.

“మా ఊళ్ళవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదన్నారంటండీ మీరు?”

“మీ మంచికే చెప్పానమ్మా.”

“మరి నేనేంటండీ అన్నయ్యగారూ?”

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. నేను వెనక్కి తిరిగి అర వైపు చూశాను. ఆవిడ కట్ట ఉండాల్సిన చోట చీటీ వేలాడుతోంది. నా సంతకం. ఆ పక్క అరలో ఇంకో చీటీ. కింద ఇంకోటి. తిరిగి వచ్చినవాళ్ళ కట్టలు నా అరలో ఉండవు. పైకి వెళ్ళిపోతాయి. నేను మూడు నెలలు లెక్కపెట్టింది తిరిగి రానివాళ్ళనే. రానివాళ్ళ గుంపులో వచ్చినవాళ్ళు ఉన్నారా అని వెతికి చూసి, లేరని తేల్చి, సభలో చెప్పి, ఆ మాటతో ఈవిడ పీక మీదికి తెచ్చాను.

సాయంత్రం అమ్మాయిగారికి చెబితే, “ఆ రోజే చెబుదామనుకున్నానండీ, మీరు అంత ఊపు మీదున్నారు,” అంది. తర్వాత తన పుస్తకం తెచ్చి మొదటి అధ్యాయం చూపించింది. మన కంటికి కనబడుతున్నవి ఎలా వచ్చి కనబడుతున్నాయో, కనబడనివి ఎక్కడికి పోయాయో ముందు అడుక్కోవాలని ఉంది. నా చిరిగిన ముప్ఫై పేజీల్లో ఉన్నది అదే. పుస్తకం లేకపోతే పోయింది, చీటీలు దోపింది నేనే కదా. ఆ రాత రాసిన చెయ్యి నాదే.

మర్నాడు జడ్జిగారి గదికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆయన రాయలసీమ మనిషి, వయసులో నా కన్నా చాలా చిన్న.  “మీ లెక్క నాకు అప్పుడూ సాక్ష్యం కాదు, ఇప్పుడూ కాదు. సరిచేసి మళ్ళీ సమావేశంలోనే చెప్పండి, చెప్పినచోటే చెప్పాలి. ఆవిడ రుజువు ఆవిడ తెచ్చుకోవాల్సిందే,” అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

లెక్క సరిచేయడం కష్టం కాలేదు. అరలు వదిలేసి, తెరిపించమని పెట్టిన అర్జీల రిజిస్టరు పట్టుకున్నాం. అక్కడున్నారు కొల్లేటివాళ్ళు, వరసగా. రోడ్డు పక్క ఊళ్ళవాళ్ళ కేసు పోతే చాలామంది వదిలేసుకున్నారు. వీళ్ళు సగానికి పైగా మళ్ళీ వచ్చారు. కొందరు రెండుసార్లు వచ్చారు. పట్టనివాళ్ళు చేసే పని కాదది.

ఆవిడ రుజువే తేలడం లేదు. ప్రతి వాయిదాకీ వచ్చాను, ఆలస్యంగా వచ్చాను అంటోంది. పిలిచినప్పుడు ఉన్నారా లేదా అన్నదే కోర్టు రాస్తుంది. పిలిచాక వచ్చిన మనిషిని ఏ రిజిస్టరూ రాయదు. కంప్యూటరూ రాయదు. కోర్టు లెక్కలో పదకొండున్నరకి వచ్చినవాడూ, అసలు రానివాడూ ఒకటే.

అప్పుడు గుర్తొచ్చాడు ఆవిడ ప్లీడరు గుమాస్తా. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, నాకూ ఆయనకీ పాతికేళ్ళుగా పడదు. ఒకప్పుడు ఒక సమను ఆలస్యంగా ఇచ్చానని నా మీద ఫిర్యాదు రాశాడు. ఆయన దగ్గర వాయిదా పుస్తకం ఉంటుంది. ప్లీడరుగారు ఏ రోజు ఏ కేసుకి ఎక్కడ ఉండాలో రాసుకునే పుస్తకం. కానీ ఈయన అందులో ఇంకో పని చేసేవాడు. పార్టీ పిలుపుకి ఉంటే కేసు పక్కన ఒక గీత. పిలిచాక వస్తే చిన్న సున్న. రాకపోతే ఏమీ ఉండదు. పార్టీ ఎందుకు రాలేదని ప్లీడరు విసుక్కుంటే, వచ్చారండీ, ఇదిగో ఇప్పుడొచ్చారు అని తన తప్పు లేకుండా చూపించుకోవడానికి మొదలుపెట్టిన అలవాటు. అందరు గుమాస్తాలూ చేయరు.

వెళ్ళి అడిగాను. కుర్చీ చూపించలేదు.

“ఏవండోయ్ రికార్డుగారూ, మీ గదినిండా రిజిస్టర్లున్నాయి కదా. మా చిత్తు పుస్తకాలతో మీకేం పనండీ?”

“నా రిజిస్టర్లలో లేనిది మీ పుస్తకంలో ఉందండీ.”

“ఈ మాట పాతికేళ్ళ క్రితం అనుంటే బాగుండేది.”

“అప్పుడు నాకు తెలియదండీ.”

ఆయన నన్ను కాసేపు నిలబెట్టి ఉంచి, చొక్కా గుండీ పెట్టుకుని, లోపలికి వెళ్ళి ఆరు పుస్తకాలు తెచ్చాడు. ఆ మనిషి చేత్తో పెట్టిన సున్నలు చూస్తే మీకు కళ్ళు తిరుగుతాయి. ఈవిడ పేరు పక్కన ప్రతి వాయిదాకీ సున్న. కొల్లేటి ఊళ్ళ కేసుల పక్కన ఎక్కడ చూసినా సున్నలే, మిరియాలు చల్లినట్టు. ఆ పుస్తకాలు జతచేసి, ఇవి నేనే రోజూ రాసినవి అని ఆయన ప్రమాణపత్రం దాఖలు చేస్తానన్నాడు. “మీ కోసం కాదండీ. ఆవిడ వచ్చినప్పుడల్లా పిలుపయిపోయిందమ్మా అని చెప్పింది నేనే. చెప్పీ చెప్పీ నా నోరు చేదైపోయింది,” అన్నాడు.

సున్నలున్నాయి సరే, సున్నలు ఎందుకు పడ్డాయి? అమ్మాయిగారు ఈ ప్రశ్న అడిగేసరికి నేను ధీమాగా జవాబు చెప్పబోయాను. ఆ ఊరికి ఎన్నిసార్లు వెళ్ళలేదు నేను. చెప్పబోతూ ఆగిపోయాను. ఇరవై ఏళ్ళు సమన్లు పట్టుకుని తిరిగాను. ఎప్పుడూ కోర్టు నుంచి ఊరికి వెళ్ళానే గానీ, ఊరి నుంచి కోర్టు వేళకి ఒక్కసారి కూడా రాలేదు.

అందుకని గడువు రోజుకి ముందురోజు మధ్యాహ్నం ఇద్దరం సెలవు పెట్టి ఆ ఊరు వెళ్ళాం. అమ్మాయిగారు ఆవిడ ఇంట్లో, నేను చర్చి వరండాలో పడుకున్నాం. పొద్దున్నే ఆరింటికి ముగ్గురం రేవులో ఉన్నాం. గేటు తాళం పడ్డాక ఊరికి మిగిలిన దారి నీళ్ళ మీదే. చేపల పట్టుబడి దోనె ఎక్కాలి. దోనె మనుషుల కోసం కదలదు, చేపల కోసం కదులుతుంది. వల లాగాలి, చేపలు ఏరాలి, ట్రేలు నింపాలి, ఐసు వేయాలి, కాటా పెట్టాలి. కాటా దగ్గర ఇద్దరికి మాటామాటా వచ్చి అరగంట పోయింది. నేను గడియారం చూసుకుంటూ చిందులు తొక్కుతుంటే ఆవిడ తాపీగా గట్టు మీద గొంతుక్కూర్చుని, “మీరు తొందరపడితే చేప తొందరపడదండీ అన్నయ్యగారూ,” అంది. దోనె కదిలేసరికి ఎనిమిదిన్నర. ట్రేల మధ్య నిలబడి, నీళ్ళ మీద పేరుకున్న గుర్రపు డెక్క తప్పించుకుంటూ చుట్టూ తిరిగి రోడ్డు రేవుకి చేరేసరికి పదింబావు. బస్సు వెళ్ళిపోయింది. ఆటో నిండేదాకా ఆగాం.

కోర్టు మెట్లెక్కేసరికి పదకొండూ నలభై. మోకాళ్ళ దాకా బురద, ఒంటినిండా చేపల వాసన. ఆవిడ కేసు అప్పటికే పిలిచేశారు. ఈసారి గుమాస్తా బల్ల దగ్గరే కాచుకుని, ప్లీడరుగారి చేత కాసేపు ఆపి మళ్ళీ పిలవమని అడిగించాడట. మేము లోపలికి అడుగుపెట్టగానే కోర్టంతా మా వైపు తిరిగింది, ముందు ముక్కుతో.

జడ్జిగారు నన్ను చూశారు. “మీరు ఇవాళ సెలవులో ఉన్నారు కదండీ?”

“ఉన్నానండీ. సెలవులోనే ఆలస్యమైందండీ.”

ఆయన నవ్వలేదు గానీ తల వంచి కాగితాలు చూసుకున్నారు. గుమాస్తాని బోనెక్కించారు. చెరువు యజమాని ప్లీడరు, ఈ సున్నలు నిన్న కూర్చుని పెట్టినవి కావని ఏమిటి రుజువు అన్నాడు. ముసలాయన ఆరు పుస్తకాల్లోంచి ఒకటి తీసి, ఒక పేజీ తెరిచి, ఆ ప్లీడరుకే చూపించాడు. “ఇది ఎనిమిదేళ్ళ నాటిదండీ. అప్పుడు తమరు మా ఆఫీసులోనే జూనియరుగా ఉన్నారండీ. తమరు ఆలస్యంగా వచ్చిన రోజులకీ సున్నలున్నాయి, చూసుకోండి.”

ఆ ప్లీడరు పుస్తకం చూశాడు. మూసి ఆయన చేతికే ఇచ్చి కూర్చున్నాడు. వీలు చూసుకుని రాసినదానికి కాదు, ఎవరూ అడగని రోజుల్లో రోజూ రాసినదానికి ఉండే బలం అది. సాయంత్రానికి అర్జీ అనుమతించారు. దావా బతికింది.

ఆ నెల సమావేశంలో, నేను తప్పు చెప్పిన చోటే నిలబడి, తప్పు ఒప్పుకున్నాను. నా అరలో ఉన్నవాటినే లెక్కపెట్టాను, లేనివాటిని మరిచాను, సరైన లెక్క ఇదీ అన్నాను. ఆ తర్వాత అమ్మాయిగారు సున్నల పట్టిక పెట్టి, దోనె ప్రయాణం వేళలు చదివింది. కొంచెం గొణుగుళ్ళు ఉన్నాయి. ఒకాయన, అందరికీ ఏదో ఒక దోనె ఉంటుందండీ అన్నాడు. అయినా ఆ నెల నుంచి లంక గ్రామాల కేసుల్లో పార్టీ పలక్కపోతే వెంటనే కొట్టేయకుండా, మధ్యాహ్నం భోజనాల ముందు రెండోసారి పిలవడం మొదలుపెట్టారు. చట్టం మారలేదు. ఒక పిలుపు పెరిగింది. ఆ ఏడు చివర మళ్ళీ కార్డులు తీశాం. శుభలేఖలు ఇంకా సగం బస్తా మిగిలే ఉన్నాయి. గైరుహాజరు కొట్టివేతలు తగ్గాయి. అమ్మాయిగారు ఒక్క ఏడాది చూసి చెప్పేయకూడదు బాబాయ్‌గారూ అంది. ఈసారి నోరు మూసుకున్నాను.

పిల్లలూ, మీ కాగితంలో ఉన్న వెబ్‌సైట్లు వద్దనను. ఇప్పుడు వాయిదాలన్నీ ఫోనులో కనబడుతున్నాయి, మంచిదే. కానీ ఆ ఫోనులో కూడా సున్నలుండవు. ఎవరో ఒకరు, ఏ గుమాస్తానో, ఏ సైకిల్ స్టాండు మనిషో, తన పని కోసం తన పద్ధతిలో ఎక్కడో రాసుకుంటూ ఉంటారు. ముందు ఆ మనిషిని వెతకండి. కుర్చీ వేయకపోయినా నిలబడండి. చీటీ వేలాడుతున్న ఖాళీ కనబడితే అక్కడే ఆగండి. లెక్క ఏ ఊరి గురించో, ఆ ఊళ్ళో తెల్లవారండి.

ఏడాదిన్నరకి తీర్పు ఆవిడ పక్షాన వచ్చింది. ఈ మధ్యలో బడివాళ్ళు ఇంకొకరిని పెట్టుకోలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు వంతులేసుకుని, ముందురోజే బడి దగ్గరికి వెళ్ళి పడుకుని ఆవిడ బదులు వండి పెట్టారు. ఈ సంగతి నా కార్డుల్లో ఏ గడిలోనూ లేదు. గేటు తీసేసిన వారం ఆవిడ మళ్ళీ నా కిటికీ దగ్గరికి వచ్చింది. నాకు అదే ఆఖరి నెల ఉద్యోగంలో.

“అన్నయ్యగారూ, దోనె మీద ఎంతసేపు పట్టిందో రాసుకున్నారు కదండీ. ఇప్పుడొచ్చి ఇదీ రాసుకోండి.”

ఆదివారం వెళ్ళాను. ఆవిడ ఇంటి గుమ్మం ముందు గడియారం చూసుకుని బయల్దేరాం. ఆవిడ ముందు, నా మోకాళ్ళతో నేను వెనక. రెండు పక్కలా చెరువులు, నీటి మీద ఎండ. గేటు స్తంభాలు పీకిన గుంతల దగ్గర ఆవిడ ఆగలేదు, నేనూ ఆగలేదు. బడి పక్కన బస్సు రోడ్డు ఎక్కి మళ్ళీ గడియారం చూశాను. జేబులోంచి మిగిలిన శుభలేఖ ఒకటి తీసి వెనక రాశాను.

మొన్న శిక్షణలో దిగిపోయే ముందు ఆ కార్డునే బల్ల మీద, వాళ్ళ వనరుల కాగితం పక్కన పెట్టి వచ్చాను. అటుపక్క ముహూర్తం తప్పు పడ్డ పెళ్ళి. ఇటుపక్క ఒక్కటే వాక్యం: ‘గట్టు మీదుగా, ముసలివాడి నడకతో, పద్దెనిమిది నిమిషాలు.’